స్టీరింగ్ బాక్స్: స్క్రూ బిగించాలా, విప్పి బాగుచేయించాలా, చెన్నై పుదుపేట పాత విడిభాగాల బజారులో పాతది కొనాలా?

కోయంబేడు నుంచి సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు సరుకు తిప్పే పాత పికప్‌ల వాళ్లు తరచూ అడిగేది ఇదే. స్టీరింగ్ మూడు వేళ్ల మేర వట్టిగా తిరుగుతోంది, ఏం చేయించాలి? స్టీరింగ్ తిప్పుడును చక్రాల వైపు పంపే గేర్ పెట్టెనే స్టీరింగ్ బాక్స్ అంటారు. పవర్ స్టీరింగ్ లేని, లోపల బాల్స్ (ఉక్కు గోళీలు) మీద నడిచే బాక్స్‌ల సంగతి చెబుతాను.

ముందు లూజు బాక్స్‌లోనే ఉందో లేదో తేల్చుకోండి. ఇంజన్ ఆపి, వెనక చక్రాలకు అడ్డం పెట్టి, ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా ఊపుతుంటే ఇంకొకరు కింద చూడాలి. స్టీరింగ్ నుంచి బాక్స్‌లోకి వచ్చే షాఫ్ట్ తిరుగుతున్నా డ్రాప్ ఆర్మ్ (బాక్స్ బయట ఊగే చేయి) కదలకపోతే లోపం బాక్స్‌ది. ఆర్మ్ కదిలినా చక్రం కదలకపోతే లోపం డ్రాగ్ లింక్‌ది (ఆర్మ్ నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ), లేదా టై రాడ్ ఎండ్‌లది (ముందు చక్రాలను కలిపే కడ్డీ చివరి జాయింట్లు). బాక్సే చాసిస్ మీద ఊగుతుంటే బోల్టులు వదులు. తర్వాత జాకీతో ఎత్తి, స్టాండు పెట్టి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. బ్రేకు తొక్కగానే ఊగుడు ఆగితే వీల్ బేరింగ్, ఆగకపోతే చక్రం పక్కకు తిరిగే చోట ఉండే కింగ్ పిన్ లేదా బాల్ జాయింట్.

బాక్స్ మీద లూజు సర్దే స్క్రూ ఉంటుంది. దాని బిగింపు పది నిమిషాల పని, ఖర్చు దాదాపు లేదు. కానీ బండి ఎక్కువగా తిన్నగానే పోతుంది కాబట్టి బాక్స్‌లో పళ్లు నడిమధ్యే అరుగుతాయి. అక్కడి లూజు పోయేదాకా బిగిస్తే, అరగని పక్కల్లో పట్టేస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాదు. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం ఇదే: లూజు కొంచెం మిగిలినా పరవాలేదు, స్టీరింగ్ వెనక్కి రావాలి. బిగించేటట్టయితే చక్రాలు తిన్నగా పెట్టి, డ్రాగ్ లింక్ విప్పి, లాక్ నట్టు వదులు చేసి, కొంచెం కొంచెంగా తిప్పండి. ఈ చివర నుంచి ఆ చివరకు చేత్తో తిప్పి చూసినప్పుడు ఎక్కడైనా పట్టేస్తే స్క్రూ వెనక్కి తిప్పాల్సిందే.

పుదుపేట బాక్స్ చవక, అదే రోజు బండి ఎక్కుతుంది. అయితే అది కూడా ఏదో పాత బండిలో అరిగినదే. షాఫ్ట్‌ను చేత్తో తిప్పి చూడండి. మంచి బాక్స్ నడిమధ్య కాస్త బిగువుగా తగులుతుంది. మధ్యలో వదులుగా, పక్కల్లో బిగువుగా ఉంటే అక్కడే వదిలేయండి. షాఫ్ట్ ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగే మొత్తం చుట్లు, డ్రాప్ ఆర్మ్ ఎక్కే పళ్లు మీ పాతదానితో సరిపోవాలి.

నేనైతే విప్పి బాగుచేయించమనే చెబుతాను, ఒక్క షరతు మీద: లోపలి గాడి నున్నగా ఉండాలి. డ్రాప్ ఆర్మ్‌కు గుర్తు పెట్టి, పుల్లర్‌తోనే తీయించండి. సుత్తితో కొడితే ఆ దెబ్బ లోపలి బాల్స్‌కు తగులుతుంది. వర్మ్‌ను (షాఫ్ట్ చివర మరలాంటి గాడి ఉన్న భాగం) కడిగి, బాల్స్ నడిచే గాడి మీద గోరు నడపండి. గోరు తట్టుకుంటే, గుంటలు కనిపిస్తే, బాగుచేయడం దండగ, కొత్త బాక్సే కొనండి. నున్నగా ఉంటే బాల్స్ మొత్తం సెట్టు, రెండు బేరింగ్‌లు, బుష్, ఆయిల్ సీళ్లు మార్చితే చాలు. ఆయిల్ కారుతోందని కొందరు బాక్స్‌లో గ్రీజు నింపుతారు. వర్మ్ దాన్ని పక్కకు నెట్టేస్తుంది, అది మళ్లీ వెనక్కి జారదు, గాడి ఎండిపోతుంది. సీల్ మార్చి, మాన్యువల్‌లో చెప్పిన గేర్ ఆయిలే పోయండి.

స్టీరింగ్ డాంపర్ (షాక్ అబ్జార్బర్ లాంటిది) ఊగుడును కప్పిపుచ్చుతుందే తప్ప అరుగుదలను తగ్గించదు.

అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) అన్నిటికీ చివర. లూజు ఉండగా చేయిస్తే ఆ కొలత నిలవదు. టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు చుట్లు లెక్కపెట్టుకుని, కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కిస్తే అలైన్‌మెంట్ షాపు దాకా బండి తిన్నగా నడుస్తుంది. నట్టు ఊడకుండా దూర్చే స్ప్లిట్ పిన్ను మాత్రం పాతది మళ్లీ వేయొద్దు.