గ్రామ సచివాలయం: ఇన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మాది రాజాం వైపు పల్లె. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు మొదలైన నాటి నుంచి పింఛను, సర్టిఫికెట్లు, రేషన్ కార్డు, భూమి కాగితాలు, ఇంట్లో ఏ పని పడినా మా ఊరి సచివాలయానికే వెళ్తున్నాం. ఈ మధ్యలో ప్రభుత్వం మారింది, వాలంటీర్లు వచ్చారు, పోయారు, మా జిల్లా కూడా మారిపోయింది. కొత్తగా పని పడినవాళ్లకు ఉపయోగపడుతుందని, ఏది బాగుందో ఏది బాగోలేదో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు పింఛను. దీనికి పూర్తి మార్కులు వేస్తాను. ప్రతి నెలా ఒకటో తారీఖు తెల్లారేసరికి సచివాలయం ఉద్యోగి మా గుమ్మంలో ఉంటారు, ఒకటో తారీఖు సెలవైతే ముందురోజే ఇచ్చేస్తారు. అమ్మకు 2024 జూలైలో బకాయితో కలిపి 7,000 ఇచ్చారు, అప్పటి నుంచి నెలకు 4,000 అందుతోంది. ఒక నెల ఊళ్లో లేకపోతే డబ్బు పోతుందేమోనని ఇదివరకు అమ్మకు ఒకటే టెన్షన్, విశాఖలో మనవడి దగ్గరికి కూడా వెళ్లేది కాదు. ఇప్పుడు రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెల మొత్తం కలిపి ఇస్తున్నారు. ఉద్దానంలో మా చుట్టం ఒకాయన డయాలసిస్ మీద ఉన్నాడు, ఆయనకు నెలకు 10,000 వస్తుంది, ఆ ఇంటికి ఆ డబ్బే ఆధారం. ఒకప్పుడు పింఛను కోసం ముసలివాళ్లు పంచాయతీ ఆఫీసు అరుగు మీద పొద్దంతా కూర్చోవడం చూసినవాడిని కాబట్టి దీని విలువ నాకు తెలుసు.

సర్టిఫికెట్లు కూడా బాగా మెరుగయ్యాయి. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు దరఖాస్తు ఊళ్లోనే పెట్టొచ్చు, సచివాలయం దాకా కూడా అక్కర్లేదనుకుంటే 2025 జనవరి 30 నుంచి మన మిత్ర అనే ప్రభుత్వ వాట్సాప్ సేవ ఉంది, 95523 00009 నంబరుకు హాయ్ అని పెడితే చాలు. మొదట్లో 161 సేవలతో మొదలుపెట్టారు, తర్వాత ఇంకా పెంచారు. కరెంటు బిల్లు కట్టడం లాంటివి నేను అందులోనే చేస్తున్నాను. పెద్దవాళ్లకు మాత్రం పక్కన ఒకరు ఉండి చూపించాలి. రేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, ఇంటింటికీ తిరిగే రేషన్ బళ్లు ఆపేసి 2025 జూన్ నుంచి మళ్లీ షాపుల్లోనే ఇస్తున్నారు, 65 ఏళ్లు దాటినవాళ్లకూ దివ్యాంగులకూ ఇంటికే తెస్తున్నారు, మాకు ఇబ్బంది రాలేదు.

ఇక భూమి. నాన్న పోయాక ఆయన పేరున ఉన్న పొలం మా అప్ప (అక్క) పేరుకూ నా పేరుకూ మార్చుకోవాలి, తోబుట్టువుల మధ్య తగువు కూడా లేదు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, 1బీ (భూమి ఎవరి పేరున ఉందో చూపే రికార్డు), అడంగల్ (పొలం, సాగు వివరాల రికార్డు) అన్నీ జతచేసి దరఖాస్తు పెట్టాం. ఊళ్లో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) విచారణ సజావుగానే అయింది. అక్కడి నుంచి పైకి వెళ్లాక ఆ ఫైలు ఎవరి బల్ల మీద ఉందో చెప్పేవాళ్లే లేరు. ఎప్పుడు అడిగినా "మా దగ్గర నుంచి పంపేశాం బావూ, పైన పెండింగ్ చూపిస్తోంది" అనే మాటే. ఆ చెప్పే అబ్బాయిని తప్పుపట్టలేను, అతని కంప్యూటరులో అంతకుమించి కనబడదు.

దీనికి తోడు మా జిల్లా కథ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. అంతకుముందు మా ఆర్డీవో ఆఫీసు పాలకొండలో ఉండేది, ఆ పాలకొండేమో పార్వతీపురం మన్యంలోకి వెళ్లిపోయింది. నాన్న నాటి పాత కాగితం ఒకటి సరిచూడాలంటే ఒక ఆఫీసులో ఇంకో జిల్లాకి వెళ్లమన్నారు, అక్కడికి వెళ్తే మీ రికార్డు మీ జిల్లాకే పంపేశాం అన్నారు. ఆ రెండు ఆఫీసులు ఒకదానికొకటి ఒక ఉత్తరం రాసుకుంటే సరిపోయే పని అది. పనులు మానుకుని బస్సులు పట్టుకుని తిరిగింది మేము.

నాకు అర్థమైంది ఏమిటంటే, ఎవరికి ఎంత ఇవ్వాలో ముందే తేలిపోయిన పని సచివాలయంలో చకచకా జరుగుతుంది. ఒక అధికారి కాగితం చదివి, పొలం చూసి, అవునో కాదో తేల్చి సంతకం పెట్టాల్సిన పనైతే ఆగిపోతుంది. పంచాయతీ కార్యదర్శి, సర్వేయరు, వీఆర్వో, ఏఎన్ఎం, వెల్ఫేర్ అసిస్టెంటు, లైన్‌మన్ అందరూ ఒకే సచివాలయం కింద ఉంటారు గానీ ఒక్కొక్కరి పై అధికారి ఒక్కో శాఖలో ఉంటాడు. సర్వేయరు రాకపోతే కార్యదర్శి ఆయన్ని అడగలేడు. పైగా ఏదో ఒక సర్వే పేరుతో వీళ్లను ఇంటింటికీ తిప్పుతూనే ఉంటారు, మధ్యాహ్నం వెళ్తే సగం కుర్చీలు ఖాళీ. ఆ పిల్లల్లో చాలామంది ఓపికగా పని చేస్తారు, వాళ్ల మీద ఇంత భారం వేయడం న్యాయం కాదు.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, ఇదివరకు స్పందన అనేవారు, ఇప్పుడు పీజీఆర్ఎస్. అక్కడ ఇచ్చాను. వినేటప్పుడు మర్యాదగానే విన్నారు, రసీదు ఇచ్చారు. తర్వాత ఆ అర్జీ ఏ ఆఫీసు ఆలస్యం చేస్తోందో ఆ ఆఫీసుకే జవాబు కోసం వెళ్లింది, "పరిశీలనలో ఉంది" అని వాళ్లు రాశారు, అంతటితో అర్జీ పరిష్కారమైనట్టు ఫోనుకు మెసేజ్ వచ్చేసింది. నాకు చాలా బాధ కలిగింది ఇక్కడే. పని కాకుండానే లెక్కల్లో అయిపోయినట్టు చూపిస్తే పైవాళ్లకు మా ఊరి సంగతి ఎప్పటికి తెలుస్తుంది? అర్జీ మూసేముందు అర్జీదారు సంతకమో, కనీసం ఫోనులో ఒప్పుకోలో తీసుకోవాలి, అదీ వేరే ఆఫీసు వాళ్లు తీసుకోవాలి. మళ్లీ తెరిపించే వీలుంది, 1100కి ఫోన్ చేసి అడగండి, మెసేజ్ చూసి ఊరుకోవద్దు.

మా పని కదిలింది మాత్రం సమాచార హక్కు దరఖాస్తుతో. ఊరి స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. "నా ఫలానా నంబరు దరఖాస్తు ఏ తేదీన ఏ అధికారి దగ్గరకు చేరింది, ఎన్ని రోజులు ఉంది, ఫైలు నోట్ కాపీ ఇవ్వండి" అని తెల్లకాగితం మీద రాసిచ్చాను. జవాబుకు చట్టంలో 30 రోజుల గడువు ఉంది, ఆ గడువులోపే ఫైలు కదిలి నా పేరు 1బీలో ఎక్కింది.

భూముల రీసర్వే అయిన ఊళ్లవాళ్లు ఒకటి గమనించండి. మీ ఎల్‌పీ నంబరులో (రీసర్వేలో ఒక్కో భూమి ముక్కకు ఇచ్చిన నంబరు) మీరొక్కరే ఉన్నారా, ఇంకెవరైనా కలిసి ఉన్నారా అన్నది ముందే చూసుకోండి. జాయింట్ నంబరైతే పేరు మార్పుతో పాటు సబ్ డివిజన్‌కు (మన వాటా కొలిచి విడదీయడానికి) కూడా అప్పుడే దరఖాస్తు పెట్టండి, మాకు ఆ సంగతి ముందు ఎవరూ చెప్పలేదు. అప్ప వాటా ఇంకా సర్వే దగ్గరే ఆగి ఉంది, కొలతలు అయ్యాక ఏం జరిగిందో రాస్తాను.