రేడియేటర్ కొంటున్నారా? ట్యాగ్ మీది వాట్లు చూసి డబ్బు కట్టేయకండి

బాయిలర్ నుంచి వచ్చే వేడినీళ్లతో గదిని వెచ్చబెట్టే కొత్త రేడియేటర్లు కొనబోతున్నవాళ్లూ, ఉన్నవి కనపడకుండా చెక్క కవర్లు తొడిగిద్దామనుకుంటున్నవాళ్లూ ఆర్డర్ ఇచ్చే ముందు ఇది కాస్త చదవండి. మాకు అమ్మిన కంపెనీ పేరు రాయడం లేదు, వాళ్లతో పంచాయతీ ఇంకా తెగలేదు. ఎవరి దగ్గర కొన్నా చూసుకోవాల్సిన విషయాలు కాబట్టి పేరుతో మీకు పెద్ద పని కూడా లేదు.

మేం తీసుకున్నవి రెండు. హాల్లోకి నిలువుగా, సన్నగా ఉండే డిజైనర్ రేడియేటర్. పడకగదిలో కిటికీ కింద ఉన్న పాతదానికి ఎండీఎఫ్ (చెక్కపొడిని నొక్కి చేసిన పలక) కవర్. చూడ్డానికి రెండూ ముచ్చటగానే ఉన్నాయి, ఆ విషయంలో వంక పెట్టను. చలి ముదిరాక మాత్రం హాల్లో బాయిలర్ ఆగకుండా నడుస్తున్నా 17 డిగ్రీలు దాటలేదు. పడకగదిలో రేడియేటర్ కాసేపు వేడెక్కి, గది వెచ్చబడకముందే చల్లారిపోయేది.

ముందు హాలు సంగతి. ట్యాగ్ మీద 2000 వాట్లు అని పెద్ద అక్షరాల్లో ఉంది. గది కొలతలు, కిటికీలు, బయటివైపు గోడలు ఎన్ని, అన్నీ అడిగి రాసుకున్నాడు అమ్మినాయన. "మీ గదికి 1500 వాట్లు చాలండీ, ఇది ధారాళంగా సరిపోతుంది" అన్నాడు. బాయిలర్ నీళ్లని ఎంత వేడితో పంపిస్తోందన్నది మాత్రం అడగలేదు. అసలు మొదట అడగాల్సింది అదే.

రేడియేటర్ ఎన్ని వాట్లు ఇస్తుందన్నది దాని సైజు ఒక్కటే తేల్చదు. లోపల తిరిగే నీటి సగటు వేడికీ, గది వేడికీ మధ్య తేడా ఎంతుంటే దాన్నిబట్టి మారుతుంది. ఈ తేడానే డెల్టా టి అంటారు. ఐరోపా ప్రమాణం ఈఎన్ 442 ప్రకారం నీళ్లు 75 డిగ్రీలతో లోపలికి వెళ్లి 65తో బయటికి రావాలి, గది 20 డిగ్రీలు ఉండాలి. అప్పుడు కొలిచిందే లెక్క. నీటి సగటు 70, అందులో 20 తీసేస్తే 50. కేటలాగుల్లో డెల్టా టి 50 అని కనిపించేది ఇదే. కొందరు డెల్టా టి 60 దగ్గరి అంకె వేస్తారు, అది పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి. మా ట్యాగ్ మీది 2000 ఆ బాపతే. ఆ ముక్క కేటలాగు చివరి పేజీలో, కళ్లద్దాలు పెట్టుకున్నా వెతుక్కోవాల్సినంత చిన్న అక్షరాల్లో ఉంది.

ప్లంబర్ వచ్చి రెండు పైపులకీ థర్మామీటర్ తగిలించి చూశాడు. లోపలికి 55, బయటికి 45. సగటు 50, గది 20 ఉండాలనుకుంటే తేడా 30 మాత్రమే. తేడా సగమైంది కాబట్టి వేడి కూడా సగం వస్తుందిలే అనుకోవడానికి లేదు, అంతకంటే ఎక్కువే పడిపోతుంది. మామూలు రేడియేటర్లకి ఆ నిష్పత్తిని 1.3 ఘాతానికి పెంచి లెక్క కడతారు. ఆ లెక్కన 60 దగ్గర 2000 వాట్లు ఇచ్చేది 50 దగ్గర సుమారు 1580, 30 దగ్గర 810. మా గదికి కావాల్సినదాంట్లో సగం కాస్త పైన. "దీంట్లో లోపమేం లేదండీ, పైనుంచి కిందిదాకా సమానంగా వేడెక్కుతోంది. దీనికి చేతనైనంత ఇస్తోంది" అని ప్లంబర్ చేతులు తుడుచుకున్నాడు. కార్ల కంపెనీలు చెప్పే మైలేజీ లాంటిదన్నమాట, అంకె అబద్ధం కాదు, మన రోడ్డు మీద రాదు.

షాపువాళ్లకి ఫోన్ చేస్తే వచ్చిన సలహా: "బాయిలర్ 80కి పెంచుకోండి." పెంచితే గది వెచ్చబడుతుంది, నిజమే. కానీ కండెన్సింగ్ బాయిలర్‌కి తిరిగొచ్చే నీళ్లు దాదాపు 55 డిగ్రీల కంటే తక్కువ ఉంటేనే పొగలోని ఆవిరి నీరుగా మారి, ఆ వేడి కూడా మనకి దక్కుతుంది. అందుకే దాన్ని తక్కువ వేడి మీద నడిపేది. వాళ్ల అంకె నిలబెట్టడానికి మన గ్యాస్ బిల్లు పెంచుకోమంటున్నారు, అంతే.

హీట్ పంప్ (గ్యాస్ మండించకుండా బయటి వేడిని లాగి నీళ్లు వేడి చేసే యంత్రం) ఉన్నవాళ్లు, పెట్టించుకోబోతున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నీళ్లు 45తో వెళ్లి 40తో వస్తే తేడా 22.5. డెల్టా టి 50 దగ్గర రాసిన వాట్లలో మూడోవంతుకి కాస్త పైన చేతికొస్తాయి. రేపెప్పుడో బాయిలర్ తీసేసి హీట్ పంప్ పెట్టే ఆలోచన ఉన్నా, ఇవాళ కొనే రేడియేటర్ ఆ లెక్కకి సరిపోవాలి. లేదంటే గోడ మళ్లీ పగలగొట్టాలి.

ఇంకో గారడీ బీటీయూ, అంటే వేడిని కొలిచే ఇంకో కొలమానం. ఒక వాటు అంటే గంటకి 3.41 బీటీయూ. 2000 వాట్లని 6800 బీటీయూ అని రాస్తే ఎంత ఘనంగా ఉంటుందో చూడండి. రెండు కంపెనీల సరుకు పోల్చేటప్పుడు అన్నీ వాట్లలోకి, అన్నీ ఒకే డెల్టా టి దగ్గరికి తెచ్చుకుని చూడాలి.

అందం కోసం వేడి ఎక్కడెక్కడ వదులుకుంటున్నామో కూడా అమ్మేవాళ్లు చెప్పరు. మామూలు ప్యానెల్ రేడియేటర్ల మీద టైప్ 11, 21, 22, 33 అని ఉంటుంది. మొదటి అంకె ప్యానెళ్లు ఎన్నో, రెండోది మధ్యలో ముడతలు పెట్టిన ఫిన్స్ (వేడిని గాలికి అందించే పల్చటి రేకులు) వరసలు ఎన్నో చెబుతుంది. అదే పొడవు, అదే ఎత్తులో టైప్ 11 బదులు టైప్ 22 పెడితే వేడి సుమారు ఒకటిన్నర రెట్లు దాటి వస్తుంది, కాకపోతే గోడ మీంచి కాస్త ముందుకొస్తుంది. ఆ నాలుగు వేళ్ల మందం ఇష్టం లేకే మనం సన్నటి డిజైనర్ వాటి వైపు పోతాం. బాత్రూముల్లో పెట్టే క్రోమ్ టవల్ రేడియేటర్‌దీ ఇదే తంతు. మెరిసే లోహం వేడిని సరిగా వెదజల్లదు. అదే సైజులో పెయింట్ వేసినది ఇచ్చేదానికంటే బాగా తక్కువ ఇస్తుంది. టవల్ ఆరబెట్టుకోవడానికైతే తీసుకోండి, బాత్రూమ్ వెచ్చబడాలంటే రంగు వేసినదే నయం.

ఇక కవర్. నాకు ఎక్కువ ఒళ్లు మండింది దీని దగ్గరే. రేడియేటర్ పేరుకి రేడియేటరే, అంటే వేడిని కిరణాలుగా వెదజల్లేదే గానీ, ఫిన్స్ ఉన్న ప్యానెల్ గదిని ఎక్కువగా గాలితోనే వేడి చేస్తుంది. కిందినుంచి చల్లగాలి లోపలికి రావాలి, పైనుంచి వేడిగాలి బయటికి పోవాలి. మాకిచ్చిన కవర్‌కి పైన దళసరి పలక, సందన్నదే లేదు. కింద స్కర్టింగ్ బోర్డుకి (గోడ అడుగున ఉండే పట్టీకి) ఆనించి మూసేశారు. ముందు మాత్రం చిన్న చిన్న చిల్లుల జాలీ. గాలికి దారెక్కడుంది?

అసలు నష్టం వాల్వ్ దగ్గర జరిగింది. రేడియేటర్ పక్కనుండే థర్మోస్టాటిక్ వాల్వ్ తల తన చుట్టూ ఉన్న గాలి వేడిని చూసి నీళ్లు ఆపుతుంది. 3 మీద పెడితే దాదాపు 20 డిగ్రీల దగ్గర ఆపాలి. కవర్ లోపల, వాల్వ్ పక్కన థర్మామీటర్ పెట్టి చూస్తే 23. మంచం దగ్గర 16. వాల్వ్ తన పని తాను సక్రమంగానే చేస్తోంది. దాని లెక్క ప్రకారం గది ఎప్పుడో వెచ్చబడిపోయింది! కవర్ ఎత్తి పక్కన పెట్టాక, ఏ మార్పూ చేయకుండానే, ఆ రాత్రి గది 20కి వచ్చింది.

దీనికి మందు లేకపోలేదు. సెన్సార్ విడిగా ఉండి, సన్నటి గొట్టంతో వాల్వ్‌కి కలిసే రకం తలలు దొరుకుతాయి. సెన్సార్‌ని కవర్ బయట గోడకి బిగిస్తారు. కవర్ అమ్మేటప్పుడే ఈ మాట చెప్పాలి కదా? "మా పని చెక్కపని వరకేనండీ, వాల్వ్ సంగతి ప్లంబర్‌ని అడగండి" అన్నారు. ఇంకోటి, గాలి తీసే స్క్రూ, రెండో పక్క ఉండే, నీళ్ల పారుదల సర్దే లాక్‌షీల్డ్ వాల్వ్ కూడా కవర్ వెనకే ఉండిపోతాయి. గోడకి స్క్రూలతో బిగించేసే కవర్ అయితే గాలి తీయాలన్న ప్రతిసారీ స్క్రూడ్రైవర్ పట్టుకోవాలి. ఎత్తితే ఊడొచ్చేదే తీసుకోండి. ఎండీఎఫ్ అయితే వేడికి వంగకుండా ఉంటుందా, ఏ గ్రేడు వాడారు అని కూడా అడగండి. మా దాని పైపలక మధ్యలో అప్పుడే కాస్త పైకి లేచింది.

ఎక్కడ పెట్టాలన్నదాని మీద కూడా రెండు మాటలు. కిటికీ కింద పెట్టడం ఊరికే వచ్చిన అలవాటు కాదు, అద్దం మీంచి కిందికి జారే చల్లగాలికి ఎదురు నిలుస్తుందని. డబుల్, ట్రిపుల్ గ్లేజింగ్ (రెండు మూడు పొరల అద్దాలు) ఉంటే ఆ అవసరం తగ్గుతుంది, లోపలి గోడకైనా పెట్టుకోవచ్చు. కిటికీ కింద ఉంచితే మాత్రం నేలదాకా జీరాడే కర్టెన్లు వద్దు. వేడంతా కర్టెన్ వెనక చేరి అద్దం లోంచి బయటికి పోతుంది. గట్టు దగ్గర ఆగే కర్టెన్ చాలు. సోఫాని ఆనించి వేస్తే ముందు వెచ్చబడేది సోఫానే. పాతదాని స్థానంలో కొత్తది పెట్టేవాళ్లు రెండు పైపుల మధ్య దూరం కొలుచుకోండి, కొత్తదాని వాల్వుల మధ్య దూరంతో కలవకపోతే ఫ్లోరింగ్ లేపాల్సి వస్తుంది. బోలు గోడకి బరువైన కాస్ట్ ఐరన్ వేలాడదీస్తామంటే, నీళ్లతో కలిపి బరువెంతో అడక్కుండా ఒప్పుకోకండి.

కనపడకుండా చేయాలన్న ముచ్చటే ఉంటే చవకైన దారి గోడ రంగే వేయించడం. మామూలు పెయింట్ ఏ రంగైనా, తెలుపైనా నలుపైనా, వేడి విషయంలో ఒకటే. లోహపు మెరుపున్న పెయింట్ మాత్రం కొంత తగ్గిస్తుంది. వేడికి తట్టుకునే రకం తీసుకుని, రేడియేటర్ చల్లగా ఉన్నప్పుడు వేయించండి. వాల్వ్ తల మీద, గాలి స్క్రూ మీద రంగు పడనివ్వద్దు. మా పడకగదిలో చివరికి చేసింది అదే, గోడలో కలిసిపోయింది. కవర్ ఇంకా బాల్కనీలో ఉంది, ఎవరికైనా చెప్పుల స్టాండ్‌గా పనికొస్తే ఇచ్చేద్దామని.

హాల్లోది వెనక్కి తీసుకోమంటే, మేం అడిగిన రంగులో ప్రత్యేకంగా చేయించారు కాబట్టి కుదరదంటున్నారు. "అంకె తప్పు కాదు కదండీ, కేటలాగులో ఉంది కదా" అని ఒకటే పాట. గదికి 1500 వాట్లు చాలని, ఇది ధారాళంగా సరిపోతుందని వాళ్లే రాసిచ్చిన కొటేషన్ ఈమెయిల్ మా దగ్గరుంది, దాని మీదే ఫిర్యాదు పెట్టాం. నోటిమాటతో అయుంటే అదీ ఉండేది కాదు. మీరు కొనేటప్పుడు మీ బాయిలర్ నీటి వేడి ఎంతో ముందు మీరే చెప్పి, ఆ వేడి దగ్గర ఎన్ని వాట్లు వస్తాయో కొటేషన్‌లో రాయించుకోండి. కుదరదన్నవాళ్ల దగ్గర కొనకండి. ఇలాంటి కేసులో డబ్బు వెనక్కి రాబట్టుకున్నవాళ్లెవరైనా ఉంటే, ఎలా సాధించారో కింద రాస్తే మాకూ పనికొస్తుంది.