తిరుపతి తిలక్ రోడ్డు పక్కసందులో పీఎఫ్ కన్సల్టెంట్: పని బాగుంది, గొంతే కొంచెం పెద్దది

ఐదుకి నాలుగు స్టార్లు. బోర్డు మీద పీఎఫ్, ఈఎస్‌ఐ, పాన్ కార్డు, జిరాక్స్ అని అన్నీ కలిపి రాసుంటుంది కాబట్టి చూసినవాళ్లు మామూలు జిరాక్స్ షాపే అనుకుంటారు. లోపల ఒక టేబుల్, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఫైళ్ల గుట్ట, దాని వెనక కన్సల్టెంట్ అన్న. ఉద్యోగం మారేటప్పుడు పాత చోట తేల్చుకోవాల్సిన కాగితాలన్నీ ఈయన చూస్తాడు. శ్రీసిటీ కంపెనీలకు మారే పిల్లలు ఎక్కువగా వస్తుంటారు, సాయంత్రమైతే కూర్చోడానికి చోటుండదు, పొద్దున్నే వెళ్లండి.

నేను స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో పదేళ్లకు పైగా అకౌంట్స్ చూశాను. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ అకౌంట్స్‌కి తీసుకున్నారు, జీతం దాదాపు ఒకటిన్నర రెట్లు, కంపెనీ బస్సు, ఇంట్లో అందరికీ ఇన్సూరెన్స్. ఎవరికి చెప్పినా "ఇంకేం, అదృష్టం" అన్నారు. నాకేమో ఓనర్ ఎదురుపడితే కడుపులో తిప్పేది. 2020 మార్చిలో కొండ మీద భక్తులకు దర్శనాలు ఆపేశారు గదా, జూన్‌లో మళ్లీ మొదలుపెట్టేదాకా లాడ్జి మొత్తం ఖాళీ, ఆ తర్వాత కూడా చాలా నెలలు సగం రూములు నిండలేదు. పక్క లాడ్జిల్లో మనుషుల్ని ఇళ్లకు పంపించేస్తుంటే మా ఓనర్ ఇంట్లో నగలు బ్యాంకులో పెట్టి మాకు సగం జీతమైనా వేశాడు. అలాంటి మనిషితో, అదీ బ్రహ్మోత్సవాలు దగ్గరపడుతుంటే, పోతున్నానని ఎట్లా చెప్పేది?

పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ గురించి అడగడానికి వెళ్లి ఈ గోలంతా అన్న ముందు వెళ్లగక్కాను. ఓదారుస్తాడేమో అనుకున్నా. ఆయన కాలిక్యులేటర్ తీసి, "ఆయనకు నువ్వు బాకీ అంటున్నావు సరే, ఆయన నీకెంత బాకీయో చూద్దాం" అన్నాడు. గ్రాట్యుటీ అన్నమాట. పది మంది, అంతకు మించి పనిచేసే చోట ఐదేళ్లు నిండినవాళ్లకు, రాజీనామా చేసి పోయినా సరే, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున కట్టివ్వాలి. నెలంటే 26 రోజుల లెక్క, చివర్లో ఆరు నెలలు దాటిన ముక్క ఉంటే దాన్నీ నిండు ఏడాదిగా తీసుకుంటారు. బేసిక్, డీఏ కలిపి 15,600 అయితే ఏడాదికి 9,000 అని వేసి చూపించాడు. మా లాడ్జిలో ఈ మాటే ఎవరి నోటా విన్లేదు, దీపావళికి బోనస్ వస్తే చాలనుకునేవాళ్లం.

దీంతో టెన్షన్ తగ్గకపోగా రెట్టింపయింది. వదిలి పోవడమే తప్పనిపిస్తుంటే, పోతూ పోతూ లక్ష రూపాయల దాకా చేయి చాచాలా? ఆ మాటే అంటే అన్న గట్టిగా అందుకున్నాడు: "నగలు పెట్టి జీతమిచ్చింది ఆయన మంచితనం, దానికి దండం పెట్టు. గ్రాట్యుటీ నువ్వు పనిచేసిన ఏళ్లకు రావాల్సింది. రెండూ ఒకే పద్దులో రాస్తావేందయ్యా, అకౌంటెంట్‌వి అయ్యుండి!" మాట సరైందే, నాకు తగలాల్సిన చోటే తగిలింది. కానీ జిరాక్స్‌కి వచ్చినోళ్లంతా తిరిగి చూశారు. ఈ ఊళ్లో లాడ్జివాళ్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే, నేను చెప్పకముందే ఓనర్ చెవిన పడితే నా గతేంటి? ఒక స్టార్ కోసింది అందుకే. సొంత విషయాలు మాట్లాడాలంటే ముందే చెప్పి బయటికి పిలవండి, వస్తాడు.

రాజీనామా లెటర్ నేను రాసుకుపోయింది పేజీన్నర ఉంది, సగం క్షమాపణలే. "దొంగతనం ఏమన్నా చేసినావా?" అని అడిగి నాలుగు లైన్లకు కుదించాడు: ఆఖరి రోజు ఎప్పుడు, పద్దులు ఎవరికి అప్పజెప్తాను, థ్యాంక్స్, సంతకం. దీనికి డబ్బులు తీసుకోలేదు. ఇంకో మంచి సలహా, గరుడసేవ అయ్యాక చేరతానని కొత్త కంపెనీనే అడగమన్నాడు. అడిగితే పోయేదేముందని నాకు తట్టనే లేదు, వాళ్లు వెంటనే సరేనన్నారు. గరుడసేవ రోజు తిరుపతిలో లాడ్జి కౌంటర్ ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు ఇది ఎంత పెద్ద ఊరటో అర్థమవుతుంది.

ఇక పీఎఫ్. మారగానే డబ్బులు తీసేసుకుందామని వచ్చేవాళ్లను ఈయన ముందు తిడతాడు, తర్వాత వివరిస్తాడు. పదేళ్ల సర్వీసు నిండితే 58 ఏళ్లకు పెన్షన్ వస్తుంది, మధ్యలో పీఎఫ్‌లోని పెన్షన్ వాటా తీసేసుకుంటే ఆ సర్వీసు లెక్కలోంచి పోతుంది. పాత ఓనర్ మన పీఎఫ్ ఖాతాలో ఎగ్జిట్ తేదీ, అంటే ఉద్యోగం మానేసిన తేదీ, వేయకపోయినా, ఆఖరి చందా పడ్డాక రెండు నెలలాగి మనమే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చట. నాకు పేరు దగ్గర చిక్కొచ్చింది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, పీఎఫ్‌లో ఒట్టి ఇనీషియల్. పేరు సరిచేయమని జాయింట్ డిక్లరేషన్ అనే దరఖాస్తు పెట్టి ఓనర్‌తో ఓకే చేయించాలి, అంటే మళ్లీ ఆయన దగ్గరికే. ఉద్యోగంలో ఉండగానే ఇవన్నీ చూసుకోండి. ఆధార్‌కి లింకైన ఫోన్ తీసుకెళ్లండి, ఓటీపీ మన చేతే కొట్టిస్తాడు, పాస్‌వర్డ్ అడగడు. ఫీజు ముందే చెప్తాడు, తర్వాత పెంచడు.

ఓనర్ సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. లెటర్ చదివి "ఎంతిస్తారంట?" అన్నాడు. చెప్పాను. "అంత నేనియ్యలేను నాయనా, పో" అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు, ఏమన్నా కావాలంటే వాచ్‌మన్ చేత చెప్పించేవాడు, ఎదురుగా ఉన్నా సరే. గ్రాట్యుటీ మాట ఆఖరి వారంలో నోరు తెరిచి అడిగాను. ఆడిటర్‌కి ఫోన్ చేశాడు, ఇవ్వాల్సిందేనని ఆడిటర్ చెప్పినట్టున్నాడు, సగం అప్పుడే ఇచ్చాడు, జాయింట్ డిక్లరేషన్ కూడా విసుక్కుంటూనే ఓకే చేశాడు. మిగతా సగం సంక్రాంతి అయ్యాక ఇస్తానన్నాడు. చట్టం ప్రకారం ముప్పై రోజుల్లో ఇవ్వాలి, కనీసం కాగితం మీదన్నా రాయించుకోమని అన్న ఫోన్ చేసి మరీ చెప్తున్నాడు. రాయించుకోను. ఈ ఒక్క విషయంలో అన్న మాట వినేది లేదు.