మోకాలి జెల్ ప్యాక్: నొప్పితో పాటు కాలి మీద అదుపు కూడా తగ్గిస్తుంది

మోకాలికి చుట్టి వెల్క్రోతో బిగించే ఈ జెల్ ప్యాక్ చాలాకాలంగా మా ఫ్రీజర్‌లో చేపల కవర్ల పక్కనే ఉంటోంది. షటిల్ ఆడొచ్చిన సాయంత్రాలు, కైలాసగిరి మెట్లు ఎక్కి దిగిన ఆదివారాలు దీనికి పని పడుతుంది. నొప్పి విషయంలో వంక పెట్టడానికి లేదు. పావుగంట ఉంచితే సలుపు బాగా తగ్గుతుంది. చల్లదనానికి నరాల్లో సంకేతాల వేగం తగ్గుతుంది కాబట్టి నొప్పి కూడా మందగిస్తుంది.

కానీ కండరాలకు కబురు మోసేదీ, మోకాలు ఎంత వంగిందో మెదడుకు చెప్పేదీ నరాలే కదా. ప్యాక్ తీసిన వెంటనే మేడ మెట్లు దిగితే నాకు ఆ తేడా తెలుస్తుంది. తొడ కండరం వెంటనే అందుకోదు, ఒంటికాలి మీద నిలబడితే మడమ అటూ ఇటూ ఊగుతుంది. కీలు ఏ స్థితిలో ఉందో గుర్తించే శక్తి ఐస్ వల్ల తగ్గుతుందా అన్నదానిపై పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పవు. కండరం బలం, వేగం కాసేపు తగ్గడం మాత్రం చాలావాటిలో కనిపించింది.

అందుకే "గురూ, కాస్త ఐస్ పెట్టేసి ఇంకో గేమ్ ఆడేద్దాం" అని మా షటిల్ బ్యాచ్ వాళ్లు అంటే నేను ఒప్పుకోను. టీవీలో క్రికెటర్లు స్ప్రే కొట్టించుకుని ఆడేస్తారుగా అంటారు. ఆ స్ప్రే కొన్ని సెకన్లు చర్మాన్ని చల్లబరుస్తుంది, అంతే. పావుగంట పెట్టిన ప్యాక్ చల్లదనం కండరంలోకి దిగుతుంది. పైన చర్మం వెచ్చబడ్డాక కూడా లోపల కండరం చాలాసేపు చల్లగానే ఉంటుంది. నేనైతే అరగంట ఇంట్లోనే అటూ ఇటూ నడిచాకే బండి తీస్తాను.

దీనికి రివర్స్‌లో జరిగేది కూడా ఒకటుంది, నాకు బాగా పనికొచ్చింది అదే. మోకాలు వాచినప్పుడు తొడ ముందు కండరం ఎంత బిగిద్దామన్నా బిగియదు. కండరం పాడై కాదు, వాపు వల్ల వెన్నుపాము దగ్గరే దానికి బ్రేకు పడుతుంది. చల్లదనం ఆ బ్రేకును కాసేపు సడలిస్తుంది. మా ఫిజియో చెప్పినట్టు ముందు ఐస్ పెట్టి, తర్వాత మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని అదిమితే తొడ బిగుసుకోవడం చేతికి తెలిసేది. ఇలాంటి తేలిక వ్యాయామానికి సరే, గెంతులకు మాత్రం వద్దు.

ఇక వస్తువు సంగతి. ఫ్రీజర్‌లోంచి తీయగానే రాయిలా ఉంటుంది, వంపుకు ఒదగదు. విశాఖ మే నెలలో త్వరగానే చప్పబడిపోతుంది. ఇక్కడి ఉక్కకు బయటంతా నీళ్లు కారి చాప తడుస్తుంది. నిజానికి ఐస్ ముక్కలు, కొంచెం నీళ్లు కట్టిన కవరే మేలు: ఐస్ కరగడానికే బోలెడంత వేడి లాగుతుంది. కాకపోతే పట్టీ లేక చేత్తో పట్టుకుని కూర్చోవాలి. పట్టీని మోకాలి బయటి వైపు బిగించి కట్టొద్దు. అక్కడ పాదాన్ని పైకెత్తే నరం చర్మానికి బాగా దగ్గరగా ఉంటుంది. మధ్యలో పలచటి గుడ్డ తప్పనిసరి. షుగర్ వల్ల కాళ్లు మొద్దుబారినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాడకూడదు.

దెబ్బకు ఐస్ అన్న సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన డాక్టర్ గేబ్ మిర్కినే, ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని తర్వాత అన్నారు. కాబట్టి నొప్పి లేని రోజు నేను దీని జోలికి పోను. వెల్క్రో పట్టు పోయింది, దర్జీ దగ్గర కొత్తది కుట్టించాను. ఈసారి కొంటే ఐస్, నీళ్లు పోసుకునే సంచీ రకమే కొంటాను.