మూడేళ్లుగా మజిల్ బ్రేక్ వాడుతున్నాను: భుజానికి సుఖమే, చెవులు మాత్రం జాగ్రత్త

టెక్సస్‌లో .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ రైఫిల్ కొని ఆరేళ్లవుతోంది. మొదటి మూడేళ్లు మజిల్ బ్రేక్ (తన్ను తగ్గించడానికి గొట్టం మూతికి బిగించే, రంధ్రాలున్న లోహపు ముక్క) లేకుండానే కాల్చాను. రేంజ్‌లో బెంచ్ దగ్గర కూర్చుని 15 తూటాలు కాల్చేసరికి భుజం కమిలిపోయేది. నొప్పినైనా ఓర్చుకోవచ్చు కానీ గురి చెడిపోవడం మొదలైంది. ఒకరోజు నా స్నేహితుడు నాకు చెప్పకుండా మ్యాగజైన్‌లో డమ్మీ తూటా ఒకటి కలిపాడు. ట్రిగ్గర్ నొక్కాను, ఏమీ పేలలేదు, అయినా గొట్టం కిందికి ఊగింది. తుపాకీ తంతుందన్న భయంతో నేనే ముందుగా ఉలిక్కిపడుతున్నానని అప్పుడు అర్థమైంది.

తుపాకీ వెనక్కి తన్నేది గుండు బరువు వల్ల మాత్రమే కాదు. నా తూటాలో గుండు 180 గ్రెయిన్లు (తూటాలకు వాడే చిన్న బరువు కొలత), మందు దాదాపు 70 గ్రెయిన్లు. ఆ మందు గ్యాస్‌గా మారి గుండు కంటే వేగంగా బయటికి తోసుకొస్తుంది. బ్రేక్ ఆ గ్యాస్‌ను పక్కలకు, కాస్త వెనక్కి మళ్లిస్తుంది. గుండు వల్ల వచ్చే తన్నును అది ఏమీ చేయలేదు. అందుకే మందు ఎక్కువ పట్టే మాగ్నమ్‌లకు దీని వల్ల లాభం ఎక్కువ. తక్కువ మందు పట్టే 6.5 క్రీడ్‌మూర్ రైఫిల్ కొన్న మా బావమరిది తనకూ ఒకటి కావాలంటే, నీకు అక్కర్లేదని చెప్పాను.

మొదట కొన్నది చుట్టూ రంధ్రాలున్న రకం. బెంచ్ మీద బాగానే పనిచేసింది. నేల మీద బోర్లా పడుకుని కాల్చిన రోజు మాత్రం కింది రంధ్రాల గ్యాస్ దుమ్ము లేపి స్కోప్‌లో ఏమీ కనపడనివ్వలేదు. దాన్ని బిగించడానికి వాడిన క్రష్ వాషర్‌ను (బిగించినప్పుడు నలిగి పట్టుకునే వాషర్) రెండోసారి కూడా వాడాను, అది నా తప్పు. అది ఒక్కసారికే పనికొస్తుంది. 40 తూటాలయ్యేసరికి బ్రేక్ వదులైంది, గుళ్లు ఒకచోట పడటం మానేశాయి. వదులైన బ్రేక్ పక్కకు ఒరిగితే గుండు దానికే తగులుతుంది, ఇది చాలా ప్రమాదం.

రెండోది పక్కలకు మాత్రమే పెద్ద గదులు, పైన చిన్న రంధ్రాలు ఉన్నది. వెనక నట్‌తో బిగించుకునే రకం కాబట్టి వాషర్ గొడవ లేదు. బ్రేక్ ఎక్కడానికి గొట్టం మూతికి .30 క్యాలిబర్‌కు మామూలుగా ఉండే 5/8-24 కొలత థ్రెడ్‌ను (మరను) గన్‌స్మిత్ దగ్గర ముందే వేయించాను. ఇప్పుడు తన్ను నా భుజానికి, ఇంతకంటే తక్కువ తన్నే .308 రైఫిల్‌లాగే అనిపిస్తోంది. నాకు అన్నింటికంటే సంతోషం కలిగించిన విషయం, మూతి పైకి లేవడం తగ్గి, గుండు ఎక్కడ తగిలిందో నా స్కోప్‌లో నేనే చూసుకోగలుగుతున్నాను.

ఇక శబ్దం. 140 డెసిబెల్స్ దాటిన పేలుడు ఒక్కసారి విన్నా చెవికి హాని జరగొచ్చు. ఇలాంటి రైఫిల్ బ్రేక్ లేకుండానే 160 దాటుతుంది. బ్రేక్ పెడితే ఆ దెబ్బ కాల్చేవాడి మీదకూ పక్క బెంచ్ మీదకూ మళ్లుతుంది. రేకుల కప్పు కింద ఇంకా ఘోరం. నేను చెవిలో ఫోమ్ ప్లగ్‌లు పెట్టి, పైన ఇయర్‌మఫ్‌లు వేసుకుంటాను. రెండూ ఉంటేనే కాలుస్తాను. పక్కవాళ్లకు ముందే చెప్పి చివరి బెంచ్ తీసుకుంటాను. అక్కడ పిల్లలుంటే వాళ్లు వెళ్లేదాకా ఆగుతాను.

వేటకు వెళ్లేటప్పుడు బ్రేక్ తీసేద్దామని ఒకసారి ప్రయత్నించాను. నా రైఫిల్‌లో 100 గజాల దగ్గర గుండు రెండంగుళాలు కింద పడింది. తీస్తే మళ్లీ జీరో చేసుకోవాల్సిందే, అంటే గుండు పడే చోటికి స్కోప్‌ను సరిచేసుకోవాలి. నవంబర్‌లో జింకల సీజన్‌కు ఇప్పుడు బ్రేక్‌తోనే వెళ్తున్నాను. మాటలు వినిపించే ఎలక్ట్రానిక్ మఫ్‌లు నాకొక జత, పక్కన కూర్చునేవాళ్లకు ఇంకో జత సంచిలో ఉంటాయి.