బయానాకు ముందు వకీలు: అదాలత్ దగ్గర లీగల్ ఒపీనియన్ తీసుకున్న ముచ్చట

ప్లాటు కాగితాలు చూసి ఒపీనియన్ రాసివ్వడానికి వకీలు సారు ఫీజు ఫైలుకు 9 వేలు. సర్వేయర్ ఖర్చు వేరే. జిరాక్సులు, సర్టిఫైడ్ కాపీలు, పాత పహాణీలు (భూమి ఎవరిది, ఏ రకందని సర్కారు రాసిపెట్టే రికార్డులు) తీయించడం అన్నీ మన జేబులోంచే. ఈ లెక్క మా స్టాఫ్ రూంలో చెబితే ఒక్కరూ నమ్మలేదు. ఇంట్లో స్కూటీ ఉన్నా కాజీపేట నుంచి హన్మకొండకు మహాలక్ష్మి జీరో టికెట్ మీద ఆర్టీసీ బస్సులో వచ్చే టీచరమ్మను నేను. కుమార్‌పల్లి మార్కెట్‌కు చీకటి పడ్డాక, గంపలు ఖాళీ చేసే వేళకు పోయి కూరగాయలు తెచ్చే మనిషిని. ఇంటి పన్ను ఏటా ఏప్రిల్‌లోనే కట్టేస్తాను, ఆ నెల కడితే 5 శాతం తగ్గుతుంది కదా. అలాంటిదాన్ని కాగితాలు చదివిపెట్టినందుకే ఇంత కట్టానంటే మా ఆడబిడ్డ అయితే ఫోన్లోనే నవ్వింది.

ముందే ఒక మాట. వకీలు సారు పేరు ఇక్కడ రాయడం లేదు. వకీళ్లు ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధన ఉంది, ఆయన కూడా రాయొద్దనే అన్నారు. హన్మకొండలో అదాలత్ జంక్షన్ చుట్టుపక్కల ఇలాంటి ఆఫీసులు చాలా ఉన్నాయి. కాబట్టి ఈ రివ్యూ ఆయన ఒక్కరి గురించి అనుకోకండి. ఆ పని ఎట్లా జరుగుతుంది, డబ్బుకు తగ్గ పనేనా అన్నదే చెబుతాను.

మాది పెద్ద రియల్ ఎస్టేట్ వ్యాపారమేం కాదు. గోపాల్‌పూర్‌లో ఇల్లు, పైన రెండు పోర్షన్లు కిరాయికి ఇచ్చాం. ఆ కిరాయి, నా జీతంలో మిగిలింది చిట్టీల్లో వేసి, చిట్టీ ఎత్తినప్పుడల్లా ఏదో ఒక జాగా చూస్తుంటాం. కిరాయిదారు ఖాళీ చేస్తే నల్లా వాషర్లు నేనే మారుస్తాను, గోడకు పుట్టీ కొట్టి ఒక కోటు సున్నం మా ఆయనా నేనూ వేసుకుంటాం. చెడితే మళ్లీ చేసుకోవచ్చు కదా, వాటికి మేస్త్రీని పిలవను. బాత్‌రూం వాటర్‌ప్రూఫింగు, కరెంటు వైరింగు దగ్గర మాత్రం బేరమాడను. టైల్సు పగలగొట్టి మళ్లీ చేయించాలంటే మొదటిదానికి రెట్టింపు అవుతుంది. ప్లాటు కాగితాలు ఈ రెండో రకం. అక్కడ తప్పు దొర్లితే సరిదిద్దేది మేస్త్రీ కాదు, కోర్టు.

మొదట తీసుకుపోయిన ఫైలు హసన్‌పర్తి వైపు ఒక రీసేల్ ప్లాటు. మీడియేటర్ రోజూ ఫోన్. "మేడం, ఇంకో పార్టీ రెడీగా ఉంది, సాయంత్రంలోపు లక్ష బయానా ఇస్తే మీకే" అని. మామునూరు ఎయిర్‌పోర్టు వస్తోంది, రింగు రోడ్డు వస్తోంది, రేపటికి ఈ రేటు ఉండదు అని. నిజంగానే వస్తున్నాయి, అందులో అబద్ధం లేదు. కానీ ఎయిర్‌పోర్టు వచ్చినంత మాత్రాన లింకు డాక్యుమెంట్లు, అంటే అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు, సరి కావు. ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, కూడా వాట్సాప్‌లో పంపాడు. ఒక్క ఎదురు ఎంట్రీ లేదు. మా ఆయనకు అదే చాలనిపించింది.

వకీలు సారు ఈసీని అర నిమిషం చూసి పక్కన పెట్టేశారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ 1983 నుంచే వస్తుంది, అది కూడా రిజిస్టరైన లావాదేవీలే. సాదా బైనామా (రిజిస్టర్ కాని తెల్లకాగితం అమ్మకం) మీద చేతులు మారినది, నోటిమాటగా జరిగిన పంపకం, రిజిస్టర్ చేయని అగ్రిమెంటు, కోర్టులో నడుస్తున్న కేసు ఇవేవీ అందులో కనపడవు. ఆయన అడిగింది వేరే: ఆ సర్వే నంబరుకు 1954-55 ఖాస్రా పహాణీ, ఆ తర్వాత దశాబ్దానికి ఒకటి చొప్పున పహాణీలు. భూమి రికార్డుల పోర్టల్ ధరణి 2020లో వచ్చింది, దాని బదులు 2025లో భూభారతి వచ్చింది, కంప్యూటర్‌లో కనపడేది ఇప్పటి స్థితి. వెంచర్ వేయకముందు ఆ భూమి ఎవరిది, ఏ రకందన్నది తెలియాలంటే వెనక్కి పోవాల్సిందే అన్నారు.

పహాణీలు వచ్చాక తేలింది. వెంచర్‌లో మేం చూసిన వైపు సబ్ డివిజన్ నంబరు ఎదురుగా ఒక పాత పహాణీలో లావణి పట్టా అని రాసి ఉంది. అంటే భూమి లేని పేదలకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మడం, కొనడం చెల్లదు, సర్కారు వెనక్కి తీసుకోవచ్చు. తర్వాతి పహాణీల్లో ఆ మాట మాయమై మామూలు పట్టా అని వచ్చింది. ఎట్లా మారిందో చూపించే కాగితం అమ్మేవాళ్ల దగ్గర లేదు. మారడానికి సరైన ఉత్తర్వు ఎక్కడైనా ఉండొచ్చు కూడా, అది తెచ్చి చూపిస్తే మళ్లీ చూద్దామన్నారు సారు. మీడియేటర్‌కు ఆ మాట చెప్పిన రోజు నుంచి అతని ఫోన్లు ఆగిపోయాయి. ఒక్క కాగితం అడిగినందుకు నాకు దొరికిన ప్రశాంతత అంతా ఇంతా కాదు.

రెండో ఫైలు మడికొండ వైపు. 200 గజాలు, గజం 14 వేలు, మొత్తం 28 లక్షలు. ఈ ఫైలులోనే ఈ సర్వీసు విలువ నాకు పూర్తిగా తెలిసింది.

ఆ ప్లాటు కొన్నాయన చనిపోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు అమ్ముతున్నారు. ముగ్గురూ సంతకాలకు రెడీ. సారు కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ అడిగారు. చూస్తే కరీంనగర్‌లో ఒక కూతురుంది. "కట్నం ఇచ్చి పెళ్లి చేశాం సార్, దానికి ఇందులో ఏముంటది" అన్నాడు పెద్ద కొడుకు, నా ముందే. సారు గొంతు పెంచలేదు. ఆ ప్లాటు తండ్రి సొంత సంపాదనతో కొన్నది, వీలునామా రాయలేదు, కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఉంది అని చెప్పారు. అందరూ ఎత్తే 2005 సవరణ పిత్రార్జితం సంగతి, దీనికి ఆ సవరణ కూడా అవసరం లేదట. తర్వాత ఇంకో ప్రశ్న వేశారు, నాకైతే జన్మలో తట్టేది కాదు: "మీ నాయన పోయేనాటికి మీ నాయనమ్మ ఉన్నదా?" చనిపోయిన మనిషి తల్లి బతికుంటే ఆమెకూ ఒక వాటా వస్తుంది. ఆమె ముందే పోయిందట. దానికి కూడా కాగితం తెమ్మన్నారు.

కూతురు వచ్చింది. సంతకం పెట్టను అంటుందేమోనని అన్నదమ్ములకు టెన్షన్, ఎంత అడుగుతుందోనని నాకు టెన్షన్. ఆమె తన వాటా డబ్బు తన ఖాతాలోనే పడాలని ఒక్క మాట అడిగింది, అంతే. సేల్ డీడ్‌లో నలుగురి పేర్లూ, ఎవరికి ఎంత అన్నదీ రాయించారు. ఈ విషయంలో ఆడదాన్నిగా నాకు కలిగిన తృప్తికి ఫీజుతో సంబంధం లేదనుకోండి.

ఇక కొలత. "కాగితం నేను చూస్తా, నేలను సర్వేయర్ చూడాలె" అని లైసెన్స్‌డ్ సర్వేయర్ నంబరు ఇచ్చారు. ఆయన తీసుకున్నది 5 వేలు. పొద్దున్నే వచ్చాడు, ఎండ ముదరకముందే. డాక్యుమెంటులో ప్లాటు 30 అడుగులు 60 అడుగులు. వెంచర్ మూల రాయి వెతకడానికే సగం టైం పట్టింది, తుమ్మ కంప కింద మట్టిలో కూరుకుపోయి ఉంది. అక్కడి నుంచి వరుసగా పక్క ప్లాట్లన్నీ కొలుచుకుంటూ వచ్చాడు, మా ప్లాటు ఒక్కటే కొలిచి ఊరుకోలేదు. టేపు ఒక చివర నా చేతిలోనే ఉంది. ముందు వైపు 30 సరిగ్గా వచ్చింది. పొడవు 56 దగ్గర ఆగిపోయింది. మళ్లీ కొలిచాం, అంతే. వెనక ప్లాటాయన కాంపౌండ్ గోడ నాలుగు అడుగులు ఇవతలికి జరిగి ఉంది. గోడ మీద పాచి చూస్తే ఇవాళ్టి సంగతి కాదని తెలుస్తూనే ఉంది.

30 ఇంటూ 56 అంటే 1,680 చదరపు అడుగులు, తొమ్మిదితో భాగిస్తే 186 గజాల చిల్లర. పదమూడు గజాల పైన తక్కువ. గజం 14 వేల లెక్కన లక్షా 86 వేలు. కుమార్‌పల్లిలో కొత్తిమీర కట్ట కొసరు అడిగే నోటికి ఇక్కడ పని దొరికింది. సర్వేయర్ గీసిచ్చిన స్కెచ్ ముందు పెట్టి, ఉన్న నేలకే డబ్బు కడతానన్నాను. చిన్న కొడుకు వెనకాయన మీద కేసు వేసి గోడ కూల్పిస్తామన్నాడు. కేసు మీరు వేసుకుంటే వేసుకోండి, నేను కొనేది 56 అడుగులే అన్నాను. గోడ కోసం ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదు, ఆ పొరుగాయనతో రేపు నీళ్ల దగ్గర, దారి దగ్గర పని పడేది నాకే. చివరికి 26 లక్షల 13 వేలకు ఒప్పుకున్నారు. డీడ్‌లో కూడా కొలిచిన విస్తీర్ణం, కొలిచిన హద్దులే రాయించాం. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం కాబట్టి అక్కడ కూడా 14 వేల దాకా తగ్గింది. సర్వేయర్ ఖర్చు, వకీలు ఫీజు కలిపితే అంతే!

"బ్యాంకు లోను ఇస్తుంది కదా, వాళ్ల వకీలు చూస్తాడు, మళ్లీ నీకెందుకు" అని చాలామంది అంటారు. నేనూ లోను తీసుకున్నాను, బ్యాంకు ప్యానెల్ వకీలూ చూశాడు. కానీ ఆ వకీలు చూసేది బ్యాంకు అప్పు భద్రంగా ఉందా అని. పైగా మనం బ్యాంకుకు పోయేసరికే బయానా చేతులు మారిపోయి ఉంటుంది. ఫైలు రిజెక్ట్ అయితే బ్యాంకుకు పోయేదేం లేదు, బయానా వెనక్కి తెచ్చుకునే తలనొప్పి మనది. అందుకే నా మాట, లోను ఉన్నా లేకున్నా బయానాకు ముందే సొంత వకీలు.

ఇప్పుడు లోట్లు. ఐదుకు నాలుగు స్టార్లే ఎందుకిస్తున్నానో చెప్పాలి కదా. సారు ఫోన్ ఎత్తరు. పగలంతా కోర్టు, సాయంత్రం ఆరు దాటాకే ఆఫీసు, అక్కడ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు, ఒక్క ఫ్యాను. గుమాస్తా "కూసోండమ్మా, ఇగో వస్తడు" అంటే గంట అనుకోవాలి. ఒపీనియన్ మొత్తం ఇంగ్లిష్‌లో ఉంటుంది, చివర్లో "ఫలానా పత్రాలు సమర్పిస్తే, ఫలానా షరతుకు లోబడి" అంటూ ఒక పేజీ. ఆ పేజీయే అసలు పేజీ. నేను ఎదురుగా కూర్చుని ఒక్కో పాయింటూ తెలుగులో చెప్పించుకున్నాను, అప్పుడు విసుక్కోకుండా చెప్పారు. అడగకపోతే మాత్రం కవరు చేతికిచ్చి పంపేస్తారు. కొనాలా వద్దా, రేటు ఎక్కువా తక్కువా అన్నవి ఆయన నోట రావు. అది తప్పేమీ కాదు, కానీ ఆశపెట్టుకుని పోవద్దు.

పెద్ద లోటు నీళ్ల సంగతి. సర్వే నంబరు చెరువు శిఖంలో (చెరువు నీళ్లు నిలిచే భూమిలో) ఉందా అని రికార్డులో చూశారు, లేదని రాశారు. వాన పడితే ఆ నేల మీద ఏం జరుగుతుందో ఒపీనియన్‌లో ఉండదు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు ఇళ్లలోకి నీళ్లు ఎట్లా వచ్చాయో ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. మునిగిన ఇళ్లన్నీ కాగితాల్లో తప్పున్నవేం కావు. ఈ పని మనమే చేసుకోవాలి, పైసా ఖర్చు లేనిది కూడా. పెద్ద వాన పడ్డ మర్నాడు పోయి చూశాను. పక్క టీ కొట్టు అన్నను 2023లో నీళ్లు ఎందాకా వచ్చాయని అడిగితే మోకాలి దాకా చెయ్యి పెట్టి చూపించి, "అది ఆ దిగువ లైను అక్కా, మీ లైను కాదు" అన్నాడు. మా లైను చివరి ఇంటి గోడ మీద నీటి గీత ఉందేమో చూసుకుని మరీ వచ్చాను.

ప్రతి కొనుగోలుకూ ఇది అవసరమా అంటే, అదే వెంచర్‌లో అదే సర్వే నంబరులో నిరుడు ఒపీనియన్ తీసుకున్న బంధువు ఉంటే కొంత పని తగ్గుతుంది. కుడా (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) అప్రూవ్డ్ లేఅవుట్‌లో మొదటి అమ్మకమైతే పరిశీలించాల్సినవి తక్కువ, ఫీజు కూడా తగ్గించి అడగొచ్చు. రీసేల్, పాత పంచాయతీ లేఅవుట్, చనిపోయినవాళ్ల ఆస్తి, జీపీఏ (ఓనరు ఇంకొకరికి రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మేది, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటున్నా నేను మాత్రం బేరమాడకుండా కడతాను.

పోయేవాళ్లు సేల్ డీడ్, లింకు డాక్యుమెంట్లు అన్నీ, ఈసీ, ఇంటి పన్ను రసీదు, లేఅవుట్ కాపీ, ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ రెగ్యులరైజేషన్ ఫీజు) కట్టి ఉంటే ఆ ప్రొసీడింగ్సు రెండేసి సెట్లు జిరాక్సు తీయించుకుని పొండి. వకీలు ఆఫీసు గుమాస్తా చేత తీయిస్తే పేజీకి రెట్టింపు పడుతుంది, రోడ్డు దాటితే సగానికి తీస్తారు. ఫీజు సగం ముందు, సగం ఒపీనియన్ చేతికొచ్చాక. రసీదు వాళ్లంతట వాళ్లు ఇవ్వరు, అడిగి తీసుకోండి.