కృష్ణకు గోడ, బుడమేరుకు దారి: బెజవాడకు ఏది మేలు?

2024 సెప్టెంబరు మొదటి రెండు రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.4 లక్షల క్యూసెక్కులు దాటింది. 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డు చెరిగిపోయింది. అయినా నదిని ఆనుకుని ఉన్న కృష్ణలంక, రాణిగారితోట ఒడ్డున కట్టిన గోడ వల్ల చాలావరకు బయటపడ్డాయి. నదికి దూరంగా ఉన్న సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట మాత్రం రోజుల తరబడి నీళ్లలో నానాయి. ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు.

అప్పటినుంచి ఊళ్లో వినిపించే మాట ఒకటే: "బుడమేరుకీ ఓ గోడ కట్టేస్తే పోలా?"

ముందు కృష్ణ గోడ సంగతి. రిటైనింగ్ వాల్ పని చేసింది, అందులో అనుమానం లేదు. దాన్ని ఎవరు కట్టారన్న తగువు తెలుగుదేశం, వైఎస్సార్‌సీపీ వాళ్లు చూసుకుంటారు. విడతలవారీగా కట్టారు కాబట్టి ఇద్దరికీ వాటా ఉంది. అయితే గోడ ఫలించడానికి నది స్వభావమూ కారణమే. కృష్ణ వరద చెప్పి వస్తుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల దాటి రావాలి కాబట్టి గేట్లు ఎత్తిన కబురు ముందే అందుతుంది, సర్దుకోవడానికి టైం దొరుకుతుంది.

గోడకూ ఓ చిక్కుంది. నది నిండుగా ఉన్నప్పుడు నీరు వెనక్కి రాకుండా తూములు మూసేయాలి. అప్పుడు లోపల కురిసిన వాన ఎటు పోవాలి? భద్రాచలంలో కరకట్ట ఉన్నా గోదావరి మూడో హెచ్చరిక, అంటే 53 అడుగులు దాటితే జనానికి టెన్షన్ తప్పడం లేదు. అక్కడా తూములు మూసి, లోపలి నీటిని మోటార్లతో తోడి పోయాలి. మోటారు ఆగిందంటే నది రాకపోయినా వీధి మునుగుతుంది.

ఇక బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. కొండల మీద కుండపోత కురిస్తే గంటల్లో ఊరి మీదికొస్తుంది. ఊరిని తప్పించడానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, డైవర్షన్ కాలువ తవ్వి నీటిని ఇబ్రహీంపట్నం వైపు కృష్ణలోకి మళ్లించారు. మామూలు ఏడాదిలో ఈ ఏర్పాటు బాగానే నడుస్తుంది. కానీ ఆ కాలువ కృష్ణలో కలిసేది బ్యారేజీకి ఎగువన. కృష్ణ నిండుగా ఉంటే కాలువ నీళ్లు నదిలోకి దిగవు, వెనక్కి ఎగదన్నుతాయి. 2024లో రెండు వరదలూ ఒకేసారి వచ్చాయి. కాలువ ఎడమ కట్టకు కొండపల్లి శాంతినగర్ దగ్గర గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది.

మరి కాలువ వెడల్పు చేసి, కట్టలు ఎత్తు పెంచితే? చేయాల్సిందే. కానీ కృష్ణ ఎగదన్నినప్పుడు ఎంత వెడల్పు కాలువైనా కొంత నిస్సహాయంగా ఉంటుంది. మిగిలిన నీటికి పాత దారే గతి. ఆ దారి సింగ్ నగర్ పక్కగా కొల్లేరుకు వెళ్తుంది. అక్కడ ఇళ్లున్నాయి, ఇరుకు వంతెనలున్నాయి, తూటికాడ ఉంది. రెండు పక్కలా గోడ కట్టారే అనుకుందాం. వీధుల వాన నీరు వాగులోకి దిగదు, భద్రాచలంలా తోడుకుంటూ కూర్చోవాలి. పైగా వాగుకు మిగిలిన కాస్త వెడల్పు కూడా అదే ఖాయమైపోతుంది. నా ఓటు గోడకు కాదు, దారికే.

దారి ఇవ్వడమంటే ఇళ్లు తీయడం. దీన్ని తేలిగ్గా "ఆక్రమణలు" అనేస్తారు. అక్కడ చాలామంది చేతిలో ఇంటిపన్ను రసీదుంది, గోడకు కరెంటు మీటరుంది. ఆటో తోలేవాళ్లు, వన్‌టౌన్ కొట్లలో పనిచేసేవాళ్లు. ఇరవై కిలోమీటర్ల అవతల ఫ్లాటిస్తే బస్సు ఛార్జీలకే కూలి సరిపోతుంది. ఊళ్లోనే, మెరక మీద ఇల్లు చూపించాకే కదపాలి. ఖర్చు ఎక్కువే. ఊరకున్నా ఖర్చు తప్పదుగా? 2024లో మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25 వేలు, పై అంతస్తుల వాళ్లకు 10 వేలు చొప్పున ప్రభుత్వం ఇచ్చింది. ఫ్రిజ్, మంచం, బీరువా, బండి అన్నీ పోయిన ఇంటికి ఆ పాతిక వేలు ఏ మూలకు?

నన్నడిగితే వరస ఇదీ. ముందు డైవర్షన్ కాలువ కట్టలు గట్టిపరచాలి, ఎందుకంటే మరో వానాకాలం ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది. ఆ వెంటనే సింగ్ నగర్ నుంచి కిందికి వాగును వెడల్పు చేయాలి, ఇరుకు వంతెనలు మార్చాలి. దాంతో పాటే కొల్లేరు. బెజవాడ వదిలిన నీళ్లు చివరికి చేరేది అక్కడికే. సరస్సుకు సముద్రంలోకి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. చేపల చెరువుల గట్లు నీటికి అడ్డుపడి, ఉప్పుటేరు పూడి ఉంటే, మనం ఇక్కడ వదిలిన వరద కొల్లేటి లంక గ్రామాల మీద పడుతుంది. అందుకే సింగ్ నగర్ పనికి టెండరు పిలిచిన రోజే ఉప్పుటేరు పూడికతీతకూ పిలవాలి.